తలుపులు, కిటికీల సందులు మూయడం: వేసవి గాడ్పుకూ, కార్తీకం ముసురుకూ ఆగేలా

నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లకు చలిగాలి బాధ లేదు. మన సందుల్లోంచి దూరేవి వేరు. మే నెలలో పడమటి గాడ్పు, దాని వెంట దుమ్ము. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, వాయుగుండం పట్టినప్పుడు అడ్డంగా కొట్టే జల్లు. ఏడాది పొడవునా దోమలు, చీమలు, జెర్రులు. ఏసీ గదిలో మాత్రం లోపలికి వచ్చేదానికంటే బయటికి పోయేదే ఎక్కువ నష్టం. చల్లగాలి బరువు కాబట్టి తలుపు కింద నుంచి హాల్లోకి జారిపోతుంది, అంతమేరకు పై సందుల్లోంచి వేడిగాలి లోపలికి వస్తుంది. మూడడుగుల తలుపు కింద 8 మి.మీ. ఖాళీ ఉందంటే సుమారు 73 చదరపు సెంటీమీటర్లు. గోడకు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల చదరపు కన్నం కొట్టి వదిలేసినంత.

పని కష్టమైనది కాదు. ఒక తలుపు, ఒక కిటికీ ఉన్న గదిని ఒక ఆదివారం పూట ముగించవచ్చు. అయినా చేసిన పని ఏడాది తిరక్కుండానే ఊడిపోతుంటే దానికి ముఖ్యమైన కారణం ఒకటే: ఒక కాలంలో కొలిచి, ఆ కొలతే పన్నెండు నెలలకూ సరిపోతుందనుకోవడం. కొయ్య మేలో ఎండి సన్నబడుతుంది, నవంబరు ముసురులో ఉబ్బుతుంది. వేసవిలో 5 మి.మీ. కనిపించిన సందు కార్తీకంలో 3 కావచ్చు, 2 కావచ్చు. ఎండల్లో కొలిచి లావు రబ్బరు అంటించిన తలుపు వానల్లో మూసుకోదు. భుజంతో తోసి గడియ వేస్తారు, నెలలోపు బందుల స్క్రూలు వదులవుతాయి. అందుకే కొలతలు ఫిబ్రవరి, మార్చిల్లో తీసుకోవడం మంచిది. అప్పటికి కొయ్య మధ్యస్థంగా ఉంటుంది. బయటి వైపు సిలికాన్ పనులన్నీ సెప్టెంబరులోపు, దసరాకు ముందే ముగించాలి. తడి గోడకు ఏ సీలెంటూ (సందులో నింపే జిగురు పదార్థం) పట్టదు.

ఏ సందులు మూయకూడదు

కొనే సామాను జాబితా కంటే ఇది ముందు చదవాలి. ఇక్కడ తప్పు చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

వంటగది నుంచి దొడ్లోకో, బాల్కనీలోకో తెరుచుకునే తలుపు కింద సందు మూయవద్దు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుని, తలుపు కింది సందులోంచే బయటికి పోతుంది. ఆ దారి మూస్తే గ్యాసు గదిలోనే నిలిచిపోతుంది. వంటగదిలో కింది భాగాన వెంటిలేటర్ ఉంటే దాన్నీ ముట్టుకోవద్దు. చీమల బాధ అయితే దానికి వేరే మందులున్నాయి.

స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉంటే ఆ గది తలుపునూ, వెంటిలేటర్‌నూ అలాగే ఉంచాలి. గాలి చాలకపోతే గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. గీజర్‌ను గది బయట పెట్టించుకోవడమే అసలైన పరిష్కారం. బాలింత గదిలో సాంబ్రాణికో, కాపడానికో నిప్పుల కుంపటి పెట్టే ఇళ్లలోనూ ప్రమాదం ఇదే. సందులన్నీ మూసిన గదిలోకి నిప్పులు తీసుకెళ్లవద్దు. పెట్టి తీరాలంటే ఆసేపూ తలుపు, కిటికీ తెరిచి ఉంచాలి.

కూలరున్న గదికి ఈ పని అక్కర్లేదు. కూలర్ తోసే తడిగాలి బయటికి పోవడానికి ఎదురు కిటికీ తెరిచే ఉండాలి, లేకపోతే రెండు గంటల్లో గది ఆవిరిపట్టిపోతుంది. వట్టివేళ్ల తడికెలు కట్టే కిటికీ కూడా అంతే, గాలి ఆడితేనే చల్లదనం. పాత మిద్దె ఇళ్లలో పైకప్పు కింద ఉండే వెంటిలేటర్ కన్నాలు వేడిగాలి పోవడానికి పెట్టినవి. ఏసీ లేని గదిలో వాటిని మూస్తే గది ఇంకా ఉడుకుతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్న స్నానాల గది తలుపు కింద 10 మి.మీ. దాకా ఖాళీ ఉండాలి. లోపలికి గాలి రాకపోతే ఫ్యాను తిరుగుతుంది తప్ప తేమను లాగదు.

మరొకటి. తీరానికి దగ్గరగా ఉన్నవాళ్లకు మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి వస్తుంది. తూర్పు, ఆగ్నేయం కిటికీలను ఆ గాలి కోసం తెరుచుకునేలాగే ఉంచాలి. రెక్కల అంచుకు సిలికాన్ కొట్టి శాశ్వతంగా మూసేయడం తెలివైన పని కాదు.

సందు వెతకడం

గాలి లేని సాయంత్రం గది కిటికీలన్నీ మూసి, పక్కనున్న స్నానాల గది ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, ఆ గది తలుపు తెరిచి పెట్టండి. ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే సందుల్లోంచి గాలి లోపలికి రావాలి. ఇప్పుడు వెలిగించిన అగరుబత్తిని తలుపు అంచు వెంట నిదానంగా, జానెడుకొకచోట ఆపుతూ నడపండి. పొగ నిటారుగా లేస్తే సందు లేదు. పొగ వంగినా, చెదిరినా అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. కర్టెన్లు ముందే తీసేయాలి.

తర్వాత కాగితం పరీక్ష. పది రూపాయల నోటును రెక్కకూ, ఫ్రేముకూ మధ్య పెట్టి తలుపు మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే అక్కడ రబ్బరు అవసరం లేదు. జారిపోతే అవసరం.

ఎంత లావు రబ్బరు కావాలో తెలుసుకోవడానికి స్కేలు పనికిరాదు, ఎందుకంటే మూసిన తలుపు వచ్చి ఆనే ద్వారబంధం మెట్టు దగ్గర ఎంత ఖాళీ ఉందో బయటికి కనిపించదు. గట్టిగా కలిపిన చపాతీ పిండిని గోళీకాయంత ముద్దలు చేసి, పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, ద్వారబంధం మెట్టు మీద ఎనిమిది చోట్ల అంటించండి: పైన రెండు, బందుల వైపు మూడు, గడియ వైపు మూడు. తలుపు మామూలుగా మూసి, గడియ వేసి, మళ్లీ తెరవండి. అణిగిన ముద్దల మందాన్ని ఒక్కొక్కటిగా కొలిచి కాగితం మీద రాసుకోండి. ఎనిమిదీ ఒకేలా ఉండటం అరుదు. పైన 2 మి.మీ., కింద 6 మి.మీ. వచ్చిందంటే తలుపు మెలిపడిందనో, బందులు జారాయనో అర్థం. ముందు దాన్ని సరిచేయాలి.

రెక్కను దారికి తేవడం

వంగిన తలుపుకు రబ్బరు వేసి లాభం లేదు. గడియ వైపు పై మూల ద్వారబంధం పైభాగానికి దూరంగా, కింది మూల నేలకు రాసుకుంటూ ఉంటే పై బందు వదులైనట్టు. స్క్రూ తిప్పితే ఊరికే తిరుగుతోందా చూడండి. తిరిగితే స్క్రూ తీసి, ఆ బెజ్జంలో ఫెవికాల్ ముంచిన టేకు పుల్లలో, వెదురు పుల్లలో బిగుతుగా దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, మర్నాడు అర అంగుళం పొడవెక్కువ స్క్రూ వేయండి. అగ్గిపుల్లలు మెత్తన, మళ్లీ వదులవుతాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరప్రాంతాల్లో మామూలు ఇనుప స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి.

రాసుకునే చోట చిత్రిక పట్టించాలంటే వానాకాలంలో వద్దు. ఉబ్బిన కొయ్యను చెక్కేస్తే ఏప్రిల్‌కల్లా అక్కడ కొత్త సందు తయారవుతుంది. ఎక్కడ రాసుకుంటోందో తెలియాలంటే ద్వారబంధానికి సుద్ద పూసి తలుపు నాలుగుసార్లు మూసి తెరవండి. సుద్ద అంటిన చోటే చెక్కించి, చెక్కిన పచ్చి కొయ్యకు వెంటనే ప్రైమరో, వార్నిషో పూయించాలి. పూయకపోతే తేమ తాగేది ముందు అక్కడే.

ఈ దశలోనే స్క్రూడ్రైవర్ పిడితో ద్వారబంధాన్ని కింద నుంచి పైకి తట్టుకుంటూ పోండి. బోలుగా మోగితే లోపల చెదలున్నాయి. చెదల మందు కొట్టించకుండా సందు మూస్తే పురుగుకు నీడ కల్పించినట్టే అవుతుంది.

గోడకూ ఫ్రేముకూ మధ్య

కొయ్య ఫ్రేము చుట్టూ ప్లాస్టరింగ్ విడిపోయి సన్నటి గీత పడటం ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది. ఎండా వానలకు కొయ్య కదులుతుంది, సిమెంటు కదలదు. అందుకే ఆ గీతలో మళ్లీ సిమెంటో, తెల్ల సిమెంటో నింపితే ఏడాదిలో మళ్లీ విడిపోతుంది. కదిలే చోట సాగే గుణమున్న సీలెంటే కావాలి.

ముందు పాత పుట్టీ, వదులు ప్లాస్టరు, సున్నం పొడి ఉలితో గీకేసి, బ్రష్‌తో దులిపి, పొడిగుడ్డతో తుడవాలి. మిగిలిన ఖాళీ వెడల్పును బట్టి పని మారుతుంది.

3 మి.మీ. లోపు గీతకు లోపలివైపు యాక్రిలిక్ సీలెంటు చాలు. దాని మీద రంగు వేసుకోవచ్చు, తడి వేలితో నున్నగా సాగుతుంది. నీళ్లు నిలిచే చోట మాత్రం వాడకూడదు.

6 నుంచి 20 మి.మీ. ఖాళీ అయితే ముందు బ్యాకర్ రాడ్ దూర్చాలి. ఇది ఫోమ్ తాడు. 10 మి.మీ. సందుకు 13 మి.మీ. తాడు తీసుకుని, మొద్దు కర్రతో లోపలికి నొక్కాలి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే తాడు చిరుగుతుంది. తాడు మీద సీలెంటు లోతు సందు వెడల్పులో సగం ఉంటే చాలు. తాడు వేసేది ఖర్చు తగ్గడానికే కాదు. సీలెంటు గోడకూ, ఫ్రేముకూ రెండు పక్కలే అంటుకోవాలి. వెనక కూడా అంటుకుంటే కొయ్య కదిలినప్పుడు సాగలేక మధ్యలో చీలుతుంది.

20 మి.మీ. దాటితే పియు (పాలీయురేథేన్) ఫోమ్ స్ప్రే. సందును కొంచెం తడిపి, సగానికే కొట్టాలి. మిగతాది అదే ఉబ్బి నింపుకుంటుంది. అత్యాశకు పోయి నిండా కొడితే ఫ్రేమును లోపలికి తోస్తుంది, తలుపు పట్టేస్తుంది. చేతికి గ్లౌజులు తప్పనిసరి, చర్మానికి అంటితే వదలదు. కొట్టేటప్పుడు ఆ గదిలో దీపం, పొయ్యి, అగరుబత్తి ఏదీ వెలగకూడదు, డబ్బాలోని వాయువు మండుతుంది. మర్నాడు బ్లేడుతో సమంగా కోసి పైన పుట్టీయో, ప్లాస్టరో వేయాలి. ఎండ తగిలితే ఫోమ్ పచ్చబడి పొడిగా రాలుతుంది.

బయటివైపుకు సిలికాన్. ఇక్కడ షాపులో ఇచ్చింది తెచ్చుకోకుండా ట్యూబు మీద చదివి కొనాలి. వెనిగర్ వాసన వచ్చే రకం గాజుకు బాగుంటుంది, కానీ సిమెంటుకు సరిగా పట్టదు, ఇనుమును తుప్పు పట్టిస్తుంది, కొన్ని రాళ్ల మీద మరక వేస్తుంది. మన కిటికీ దిమ్మలు చాలావరకు చీమకుర్తి గ్రానైటువి, ఫ్రేములు అల్యూమినియంవి. వీటికి న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న రకం తీసుకోవాలి. సిలికాన్ మీద రంగు నిలవదు కాబట్టి రంగు పని అయ్యాకే కొట్టాలి, లేదా రంగుకు సరిపోయే ట్యూబు ఎంచుకోవాలి.

లెక్క: 6 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు గీతకు 280 మి.లీ. ట్యూబు సుమారు ఏడున్నర మీటర్లు వస్తుంది. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు తలుపుకు మూడు పక్కలు కలిపి 17 అడుగులు, అంటే 5.2 మీటర్లు. ఒక వైపుకు ఒక ట్యూబు మిగులుతూ సరిపోతుంది. గీతకు రెండు పక్కలా మాస్కింగ్ టేపు అంటించి, ముక్కును 45 డిగ్రీల కోణంలో కోసి, ఆపకుండా ఒకే వేగంతో కొట్టి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారే లాగి, పైన పొర కట్టకముందే టేపు ఊడదీయాలి. పది నిమిషాలు దాటితే పొర చిరిగి అంచు గజిబిజి అవుతుంది. 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి.

రబ్బరు బీడింగ్

ఫోమ్ టేపు చవక, కానీ మన ఎండకు ఒక వేసవి నిలిస్తే గొప్ప. అణిగిపోయి మళ్లీ లేవదు. ఈపీడీఎం (ఎండావానలకు తట్టుకునే ఒక రకం సింథటిక్ రబ్బరు) బీడింగ్ అడగండి, వెనక జిగురు అంటించి చుట్టగా వస్తుంది. ఇంగ్లీషు E అక్షరం ఆకారంలోది 2, 3 మి.మీ. సందులకు, P ఆకారంలోది 3 నుంచి 5కు, D ఆకారంలోది 4 నుంచి 6కు పనికొస్తాయి. పిండి ముద్దల కొలత చూసి, మూసినప్పుడు రబ్బరు మూడో వంతు అణిగేలా ఎంచుకోండి. ఉదాహరణకు ముద్ద 4 మి.మీ. వస్తే 6 మి.మీ. ఎత్తు రబ్బరు. మేలో కొలిస్తే ఒక సైజు తగ్గించి కొనండి.

బందుల వైపుకు మాత్రం ఎప్పుడూ ఒక సైజు సన్నదే వేయాలి. గడియ వైపు తలుపు రబ్బరును ఎదురుగా నొక్కుతుంది. బందుల వైపు రబ్బరు బందుకు అతి దగ్గరగా ఉంటుంది కాబట్టి లావైతే తలుపు దాని మీద మీటలా తిరిగి బందులను గోడ నుంచి పెకలిస్తుంది. మూసేటప్పుడు చివరి అంగుళం దగ్గర తలుపు తిరిగి తన్నుతున్నట్టుంటే కారణం ఇదే. గడియను తిట్టుకోవద్దు, బందుల వైపు రబ్బరు మార్చండి.

అంటించే విధానం:

1. ద్వారబంధం మెట్టు మీద, తలుపు వచ్చి ఆనే ముఖాన్ని సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. తర్వాత మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో రెండుసార్లు తుడవండి. కిరోసిన్ వద్దు, నూనె పొర మిగుల్చుతుంది. థిన్నర్ రంగును లేపుతుంది. కొత్తగా ఎనామిల్ వేసి ఉంటే వారం ఆగండి.

2. మూడు పక్కలకు విడివిడిగా, అంగుళం ఎక్కువ పెట్టి ముక్కలు కోయండి.

3. పై మూల నుంచి మొదలుపెట్టి, వెనక కాగితాన్ని ఒక్కసారిగా లాగేయకుండా జానెడు జానెడు తీస్తూ నొక్కుకుంటూ రండి. రబ్బరును సాగదీయవద్దు. సాగదీసి అంటిస్తే రెండు రోజుల్లో వెనక్కి కుదించుకుని మూలల్లో ఖాళీ వదులుతుంది.

4. మూలల్లో 45 డిగ్రీల కోతతో రెండు ముక్కలనూ కలపండి. అక్కడ మిగిలే చిన్న చీలికలోంచే దోమ వస్తుంది.

5. ఒక్కో అడుగునూ పది సెకన్లు వేలితో అదిమి, తలుపు రెండు గంటలు తెరిచే ఉంచండి. ఒక రోజు దాకా తడిగుడ్డ తగలనివ్వవద్దు.

గడియ బిగుతుగా పడుతుంటే బలవంతం చేయకుండా, గడియ దూరే పట్టీ స్క్రూలు వదులు చేసి దాన్ని 1 మి.మీ. జరపండి.

రెండు రెక్కల వాకిలి అయితే మధ్య సందు పెద్ద సమస్య. ముందు మూసే రెక్క అంచుకు 40 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం టేకు పట్టీని బయటివైపు సగం బయటికి పొడుచుకొచ్చేలా బిగించి, పట్టీ లోపలి ముఖానికి E ఆకారం రబ్బరు అంటించాలి. లోపలికి తెరుచుకునే తలుపుల లెక్క ఇది. బయటికి తెరుచుకునేవైతే పట్టీ లోపలి వైపు వస్తుంది.

తలుపు కింద

వీధి వాకిలికి గడప ఉంటుంది. తలుపు దాని మెట్టుకు ఆనుతుంది కాబట్టి నాలుగో పక్క కూడా రబ్బరుతోనే సరిపోతుంది. కానీ ఆ రబ్బరును గడప మీద అంటించవద్దు. గడపను కడుగుతారు, పసుపు రాస్తారు, తొక్కుతారు. వారంలో జిగురు వదులుతుంది. తలుపు రెక్క కింది అంచు ముఖానికే అంటించాలి.

లోపలి గదులకు ఇప్పుడు గడపలు పెట్టడం లేదు. అక్కడ అల్యూమినియం పట్టీకి రబ్బరు నాలుక ఉన్న డోర్ సీల్ కావాలి. కొనే ముందు తలుపు మూసి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, పూర్తిగా తెరిచి ఒకసారి కింద ఖాళీ కొలవండి. మార్బుల్ పరుపు సమంగా లేని గదుల్లో మూసినప్పుడు 10 మి.మీ. ఉన్నది, తెరిచేసరికి 4 అవుతుంది. అలాంటిచోట రబ్బరు నేలకు ఈడ్చుకుని చిరుగుతుంది, దానికి బ్రష్ రకం నయం. బ్రష్ కొంచెం గాలి వదులుతుంది గానీ ఎత్తుపల్లాలకు సర్దుకుంటుంది. రెండు పక్కలా ఫోమ్ గొట్టాలుండి మధ్యలో తలుపు దూరే గుడ్డ రకం చవకైనది, అద్దె ఇంట్లో స్క్రూ కొట్టే పని లేకుండా వాడొచ్చు. అయితే తడి తుడుపు పెట్టే ఇంట్లో అది నీళ్లు పీల్చి వాసన వస్తుంది, నెలకోసారి ఉతకాలి.

అల్యూమినియం పట్టీ బిగించేటప్పుడు తలుపు వెడల్పుకు 3 మి.మీ. తక్కువ కోయండి, లేకపోతే ద్వారబంధానికి తగులుతుంది. హ్యాక్సా బ్లేడుతో ముందు పట్టీ, తర్వాత కత్తితో రబ్బరు. తలుపు మూసి, ఏసీ గది లోపలివైపు, రబ్బరు నేలను తాకి 1, 2 మి.మీ. వంగేలా పట్టుకుని రెండు చివర్లా గుర్తు పెట్టండి. 2 మి.మీ. బిట్‌తో ముందు బెజ్జాలు వేసి అర అంగుళం స్క్రూలు బిగించండి. ఫ్లష్ డోరైతే చివరి స్క్రూ అంచుకు రెండు సెంటీమీటర్ల లోపల ఉండాలి, అక్కడే గట్టి కొయ్య ఉంటుంది. పట్టీ బెజ్జాలు పొడవుగా ఉంటాయి, వాటి మధ్యలో స్క్రూ వేస్తే రబ్బరు అరిగాక కొంచెం కిందికి దించుకోవచ్చు.

జరిపే కిటికీలు: గాలి, నీళ్లు

స్లైడింగ్ కిటికీల నుంచి తుపానులో నీళ్లు వస్తే చాలామంది కింది ట్రాకు బయటివైపు సిలికాన్ కొట్టేస్తారు. దానితో నీళ్లు ఇంకా ఎక్కువ వస్తాయి. ట్రాకు కింద బయటికి చిన్న చీలికల్లాంటి బెజ్జాలుంటాయి. రెక్కలను దాటి ట్రాకులో పడిన నీరు పోయే దారి అదే. అవి దుమ్ముతో పూడినా, సిలికాన్‌తో మూసినా ట్రాకు తొట్టిలా నిండి లోపలికి పొర్లుతుంది.

గాలి ఒత్తిడి వల్ల నీరు ఎత్తుకు ఎక్కుతుంది కూడా. గంటకు 60 కి.మీ. గాలి నీటిని 17 మి.మీ. ఎత్తుకు నెట్టగలదు, 100 కి.మీ. అయితే దాదాపు 47 మి.మీ. ట్రాకు లోపలి అంచు ఎత్తు 30 మి.మీ. మాత్రమే ఉంటే పెద్ద తుపానులో కొంత నీరు రావడం ఖాయం. ఆ రోజు లోపల తువ్వాలు చుట్టి పెట్టడమే. మామూలు వాయుగుండాల జల్లు మాత్రం ఆపవచ్చు.

పద్ధతి ఇది. రెక్కను పైకెత్తి, కింది అంచును లోపలికి లాగి బయటికి తీయండి. ఎత్తడానికి వీల్లేకపోతే పైన అడ్డు బిళ్ల ఉంటుంది, దాని స్క్రూ తీయాలి. పై అంతస్తుల్లో ఇద్దరుండాలి. ట్రాకులో మట్టిని పాత టూత్‌బ్రష్‌తో, వాక్యూమ్‌తో తీసి, బెజ్జాల్లో సన్న తీగ దూర్చి, మగ్గు నీళ్లు పోసి చూడండి. నీళ్లు ఆగకుండా బయటికి పోవాలి. నిలిచాయంటే బెజ్జం పూడి ఉందన్నా, ఫ్రేము లోపలికి వాలి ఉందన్నా అనుకోవాలి.

రెక్క చుట్టూ గాడిలో ఉండే నూగు పట్టీ అసలు సీలు. అల్యూమినియం ఫ్యాబ్రికేషన్ షాపులో వూల్ పైల్ అంటే ఇస్తారు. నాలుగైదేళ్లకు నూగు అణిగి గట్టిపడుతుంది. పాత ముక్క అంగుళం కోసి తీసుకెళ్లి అడుగు వెడల్పు, నూగు ఎత్తు రెండూ సరిచూసి కొనండి. ఎత్తు ఒక మి.మీ. ఎక్కువైనా రెక్క జరగదు. పాతది లాగేసి, గాడి తుడిచి, కొత్తది ఒక చివర నుంచి దూర్చి నెట్టుకుంటూ పోవాలి. చివర్లలో చుక్క సిలికాన్ వేస్తే జారదు. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు రెక్కకు రెండు ముఖాలూ కలిపి సుమారు 24 అడుగులు పడుతుంది.

రెక్క తిరిగి పెట్టాక కింది చక్రాల స్క్రూ తిప్పి ఎత్తు సరిచేయండి. రెండు రెక్కలు కలిసే చోట పైనుంచి కిందిదాకా గీత సమాంతరంగా ఉండాలి. యూపీవీసీలో తెరుచుకునే రకమైతే చుట్టూ నల్ల గ్యాస్కెట్ ఉంటుంది. మూలల్లో కుదించుకుపోయి ఖాళీ కనిపిస్తే ముక్క అతికించకుండా చుట్టూ మొత్తం ఒకే ముక్కగా మార్చి, కొన పైభాగం మధ్యలో కలపాలి.

కొయ్య కిటికీకి వాన వైపు

ఊచలున్న పాత కిటికీల రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. వాన నేరుగా వాటి అంచులకే కొడుతుంది. ఏ కిటికీ ముందు చూడాలన్నది దిక్కును బట్టి. ఈశాన్య రుతుపవనాల వానకు తూర్పు, ఉత్తరం ముఖాలు. తుపాను సముద్రంలో మనకు తూర్పున ఉన్నంతసేపూ గాలి ఉత్తరం నుంచి కొడుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటిది మనల్ని దాటి ఉత్తరానికి పోయాక గాలి పడమరకు, నైరుతికి తిరుగుతుంది. అప్పటిదాకా పొడిగా ఉన్న పడమటి కిటికీ ఆ కొన్ని గంటల్లో కారుతుంది.

గాజు చుట్టూ లప్పం పగిలి రాలిందేమో చూసి, రాలిన చోట మొత్తం గీకి, కొయ్యకు ప్రైమర్ పూసి కొత్త లప్పం పెట్టించాలి. పగుళ్ల మీద పైపైన రాస్తే లాభం లేదు. కింది దిమ్మ బయటికి వాలు ఉండాలి. మగ్గు నీళ్లు పోస్తే లోపలికి వస్తున్నాయంటే సీలెంటుతో పని కాదు, రాయి వాలు మార్పించాల్సిందే. దిమ్మ రాయి, కొయ్య ఫ్రేము కలిసేచోట న్యూట్రల్ సిలికాన్ గీత కొట్టాలి. రెక్క కింది అంచుకు బయట ఏటవాలు చెక్క పట్టీ ఒకటి, దాని అడుగున నీళ్లు తెగి పడేలా చిన్న గాడి ఉంటే సగం వాన అక్కడే ఆగిపోతుంది. సన్‌షేడ్ అంచు అడుగున కూడా అలాంటి గాడి ఉందో లేదో చూడండి. లేకపోతే నీళ్లు అడుగు వెంట గోడదాకా పాకి కిటికీ పైన దిగుతాయి.

బయట నీటిని ఆపాలి, లోపల గాలిని ఆపాలి. లోపలివైపు మాత్రమే సీలెంటు కొడితే నీరు ఫ్రేము వెనక గోడలో చిక్కి, పెయింట్ పొంగి, కొయ్య నానిపోతుంది.

ఏసీ పైపు కన్నం

స్ప్లిట్ ఏసీ పైపులు పోయే కన్నం చుట్టూ మిగిలిన ఖాళీ పెద్దది, కంటికి కనిపించదు. లోపలి యూనిట్ పక్కన పైపు మీది టేపు చుట్టూ ఏసీ పుట్టీ అదిమి, బయటివైపు పియు ఫోమ్ కొట్టి పైన సిమెంటుతో కప్పించండి. నీళ్ల గొట్టం నొక్కుకుపోకుండా చూడాలి, లేకపోతే నీళ్లు గదిలోనే కారతాయి.

చివరి పరీక్ష

అగరుబత్తి మళ్లీ తిప్పండి. రాత్రిపూట గదిలో లైటు ఆర్పి, బయట నుంచి ఒకరు టార్చి అంచుల వెంట నడిపితే మిగిలిన సందులు వెలుగు గీతల్లా కనిపిస్తాయి. నీటి పరీక్షకు గొట్టంతో మొదట కింది దిమ్మ మీద, తర్వాత పక్కలు, చివరికి పైన, ఒక్కోచోట ఐదు నిమిషాలు పోయండి. లోపల ఒకరు చూస్తుండాలి. పైనుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దూరిందో తేలదు. చుట్టూ పొడిగానే ఉండి, సన్‌షేడ్ పైన గోడ మీద పోసినప్పుడు మాత్రమే చెమ్మ వస్తే లోపం కిటికీది కాదు, స్లాబుకూ గోడకూ మధ్య పగులుది. అది తాపీమేస్త్రీ పని.

ఇంత చేసినా పగలంతా ఎండకు కాగిన స్లాబు కింద గది రాత్రి వేడిగానే ఉంటే, ఇక సందుల్లో వెతకడం ఆపి పైకప్పుకు కూల్ పెయింట్ సంగతి చూడాలి. ఏసీ గదిని మాత్రం పొద్దునా రాత్రీ పది నిమిషాలు తలుపు, కిటికీ తెరిచి గాలి మార్చండి. ఏటా సెప్టెంబరులో ట్రాకు బెజ్జాలు శుభ్రం చేసి, రబ్బరుకు టాల్కం పౌడరు రుద్దండి. కొబ్బరినూనె, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి జిగురు వదులుతుంది.